ఫెర్రీ సైనిక రవాణా నౌకగా మారితే: అద్దె ఒప్పందం నుంచి రేవు దాకా

ఏ నావికాదళానికైనా రవాణా నౌకలు అసలే లేకపోవడం అరుదు. సైన్యం బయలుదేరవలసిన వారానికి అవి మరమ్మతుల్లో ఉండిపోవడం మాత్రం తరచుగా జరిగేదే. దళాలను, వాహనాలను, సరుకును కలిపి మోసే నౌకలకు ఖర్చు ఎక్కువ. శాంతికాలంలో వాటికి పని తక్కువ కనుక బడ్జెట్ తగ్గించవలసి వచ్చినప్పుడు కోత మొదట పడేదీ వాటి మీదే. సంక్షోభం ముంచుకొచ్చి ఆ లోటు బయటపడినప్పుడు అధికారుల చూపు ఫెర్రీల మీదికి మళ్ళుతుంది. ప్రయాణికులను, కార్లను, లారీలను ఒకే ఓడలో ఎక్కించుకుని రెండు రేవుల మధ్య తిరిగే ఫెర్రీ చేసే పనికీ, ఒక బెటాలియన్‌ను సముద్రం దాటించే పనికీ పైకి పెద్ద తేడా కనిపించదు. రెండు చోట్లా ఎక్కవలసినవి మనుషులు, బండ్లు, పెట్టెలే.

తేడా గమ్యం దగ్గర తెలుస్తుంది. ఫెర్రీ సైన్యాన్ని రేవు నుంచి రేవుకు చేరుస్తుందే తప్ప శత్రువు ఉన్న తీరం మీద దింపలేదు. అద్దె ఒప్పందంలోని షరతులు, బీమా, చట్టపరమైన హోదా, సిబ్బంది అభ్యంతరాలు వేర్వేరు చిక్కుల్లా కనిపించినా, అన్నీ ఈ ఒక్క పరిమితి చుట్టూనే తిరుగుతాయన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈ విధానం సాఫీగా సాగిన సందర్భంగా ఎక్కువ మంది ఉదాహరించేది 1999 నాటి ఆస్ట్రేలియా అనుభవాన్ని. 1994లో అమెరికా నుంచి కొన్న రెండు పాత ల్యాండింగ్ నౌకలు (రేవు లేని తీరం మీద కూడా దళాలను దించేవి), కనింబ్లా, మనూరా అన్న కొత్త పేర్లు పెట్టుకున్నాక కూడా తుప్పు మరమ్మతులతో, మార్పుచేర్పులతో ఏళ్ళ తరబడి యార్డు విడిచి రాలేదు. ఆ తరహా పనికి చేతిలో మిగిలిన పెద్ద నౌక టోబ్రూక్ ఒక్కటే. మధ్యలోని ఖాళీ పూడ్చుకోవడానికి ఆస్ట్రేలియా నావికాదళం టాస్మేనియా రాజధాని హోబార్ట్‌లో ఇన్‌క్యాట్ సంస్థ కట్టిన 86 మీటర్ల అల్యూమినియం కాటమరాన్ (రెండు అడుగు భాగాలను జంటగా కలిపి కట్టిన ఓడ) ఫెర్రీని రెండేళ్ళకు అద్దెకు తీసుకుంది. దానికి బూడిద రంగు వేసి, తన సిబ్బందినే ఎక్కించి, 1999 జూన్‌లో హెచ్‌ఎంఏఎస్ జెర్విస్ బే పేరుతో సర్వీసులోకి చేర్చుకుంది.

మూడు నెలలు దాటగానే తూర్పు తైమూర్ సంక్షోభం వచ్చిపడింది. ఆగస్టు 30 నాటి ప్రజాభిప్రాయ సేకరణ తరువాత చెలరేగిన హింసను అదుపు చేయడానికి, ఐక్యరాజ్యసమితి అనుమతితో, మేజర్ జనరల్ పీటర్ కాస్‌గ్రోవ్ నాయకత్వంలోని ఇంటర్‌ఫెట్ అనే అంతర్జాతీయ దళం సెప్టెంబర్ 20న తూర్పు తైమూర్ రాజధాని దిలీలో దిగింది. మొదటి సైనికులు విమానాల్లో దిగి విమానాశ్రయాన్ని, రేవును తమ అధీనంలోకి తెచ్చుకున్నారు. జెర్విస్ బే, టోబ్రూక్ తరువాతి దళాలను తీసుకుని మర్నాడు రేవు చేరాయి. ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్ నుంచి దిలీకి దాదాపు 430 నాటికల్ మైళ్ళు. 40 నాట్ల (గంటకు 40 నాటికల్ మైళ్ళ) వేగం దాటగల ఈ ఫెర్రీ ఆ దూరాన్ని సుమారు 11 గంటల్లో దాటేది. అద్దె గడువు ముగిసేలోగా ఈ రెండు రేవుల మధ్య 107 ప్రయాణాలు చేసి, 20,000 మంది ప్రయాణికులను, 430 వాహనాలను, 5,600 టన్నుల సరుకును మోసింది. దిలీ ఎక్స్‌ప్రెస్ అన్న ముద్దుపేరు కూడా సంపాదించుకుంది. 2001 మేలో నావికాదళం దానిని యజమానికి తిరిగి అప్పగించింది. తరువాతి కాలంలో అదే ఓడ కాండర్ రాపీడ్ అన్న పేరుతో ఇంగ్లిష్ ఛానల్ దీవులకు సెలవు యాత్రికులను చేరవేసింది.

ఈ కథలో అందరూ వేగాన్నే మెచ్చుకుంటారు. ఆ వేగం అక్కరకు రావడానికి కారణమైన రెండు సంగతులు అంతగా చర్చకు రావు. దిలీలో ఓడ ఆనడానికి జెట్టీ ఉంది, అది అప్పటికే మిత్రుల చేతిలో ఉంది. ఈ రెండింటిలో ఏది లేకపోయినా 40 నాట్ల వేగం ఓడను రేవు బయట నిరీక్షించే చోటుకు త్వరగా చేర్చడానికి తప్ప ఎందుకూ పనికివచ్చేది కాదు.

ఇక ఓడలోకి వెళదాం. ఫెర్రీ వాహనాల డెక్కు మీదికి సైనిక వాహనాన్ని ఎక్కించే ముందు లోడింగ్ అధికారి చూసుకోవలసినది దాని మొత్తం బరువు ఒక్కటే కాదు, ఒక్కో ఇరుసు డెక్కు మీద మోపే బరువు. ఫెర్రీ డెక్కును రోడ్ల మీద తిరిగే లారీల లెక్కతో కడతారు. 60 టన్నులు దాటే యుద్ధ ట్యాంకు ఆ లెక్కలోకి రాదు. తేలికపాటి అల్యూమినియం ఫెర్రీ విషయంలో ఆ ఊహే అనవసరం. ఇరుసు బరువు సరిపోయినా, ఇనుప పట్టీల మీద నడిచే వాహనం మలుపు తిరిగేటప్పుడు డెక్కును గీరుకుపోతుంది. రేడియో యాంటెన్నాలు, పైన బిగించిన తుపాకీ పీఠాలు విప్పితే తప్ప కొన్ని వాహనాలు కప్పు కింద పట్టవు. కార్లను కట్టే పట్టీలు సాయుధ వాహనాన్ని ఆపలేవు కనుక గొలుసులు కావాలి, ఆ గొలుసులు తగిలించడానికి డెక్కులో గట్టి కొక్కేలుండాలి. ఇవన్నీ కుదిరాక మందుగుండు ప్రశ్న ఎదురవుతుంది. ప్రమాదకర సరుకుల రవాణాకు సంబంధించిన అంతర్జాతీయ నియమావళి ప్రకారం, పరిమిత సంఖ్యకు మించి ప్రయాణికులున్న ఓడలో చాలా రకాల పేలుడు పదార్థాలను ఎక్కించకూడదు. సైనికుడిని, అతడి తూటాలను ఒకే ప్రయాణంలో పంపాలంటే మినహాయింపు తీసుకోవాలి, లేదా ఓడను ఆ నియమాలు వర్తించని హోదాలోకి మార్చాలి.

వేగపు ఫెర్రీలకు ఇంకో హద్దు ఉంది. హైస్పీడ్ క్రాఫ్ట్ నిబంధనావళి కింద నడిచే ప్రయాణికుల ఓడ, తన మామూలు వేగంతో వెళితే నాలుగు గంటల్లో ఏదో ఒక ఆశ్రయ స్థలాన్ని చేరుకోగలిగేంత దూరంలోనే ఎప్పుడూ ఉండాలి. నావికాదళంలో చేరిన నౌకకు ఈ నిబంధన వర్తించదు. అయితే తేలికైన ఓడ పెద్ద అలల్లో చిక్కుకోకూడదన్న జాగ్రత్తే ఆ నిబంధనకు మూలం, అలలు జెండా రంగు చూసి తగ్గవు. పైగా ఇలాంటి ఓడకు ఎక్కించే ప్రతి టన్నూ వేగాన్నీ, వెళ్ళగల దూరాన్నీ కొంత తినేస్తుంది. ప్రకటనల్లో కనిపించే గరిష్ఠ వేగం, గరిష్ఠ బరువు, గరిష్ఠ దూరం మూడూ ఒకే ప్రయాణంలో కలిసి దొరకవు.

వాహనాల డెక్కు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేం. రో-రో ఫెర్రీలో బండ్లు ఒక చివర ఎక్కి మరో చివర దిగడానికి వీలుగా ఆ డెక్కును అడ్డగోడలు లేకుండా దాదాపు ఓడంత పొడవునా ఖాళీగా వదులుతారు. అందులోకి నీరు చేరితే అది ఒక పక్కకు జారి, ఓడను నిమిషాల్లో ఒరిగించగలదు. 1987 మార్చిలో ముందు తలుపులు మూయకుండానే బెల్జియంలోని జీబ్రుగ రేవు విడిచిన హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ బోల్తాపడి 193 మంది మరణించారు. 1994 సెప్టెంబర్‌లో బాల్టిక్ సముద్రంలో ఎస్టోనియా ఫెర్రీ మునిగి 852 మందిని బలిగొన్నది. ఆ రెండు ప్రమాదాల్లోనూ ఎవరూ తుపాకీ పేల్చలేదు. యుద్ధనౌకను దెబ్బ తగిలినా నీరు ఒక గదిలోనే ఆగిపోయేలా గదులు గదులుగా విభజించి కడతారు. ఆ తేడాను అద్దెకు తీసుకున్నాక చేసే మార్పులతో పూడ్చడం అయ్యే పని కాదు.

ఒప్పందాల విషయానికి వస్తే, స్థూలంగా మూడు దారులున్నాయి. బేర్‌బోట్ ఛార్టర్‌లో యజమాని ఖాళీ ఓడను అప్పగిస్తాడు. కెప్టెన్, సిబ్బంది, నిర్వహణ అన్నీ అద్దెకు తీసుకున్నవారివే. జెర్విస్ బే నడిచింది ఈ పద్ధతికి దగ్గరగానే. టైమ్ ఛార్టర్‌లో ఓడ, సిబ్బంది యజమాని కిందే ఉంటారు, నావికాదళం రోజుకు ఇంత అని చెల్లించి ఎక్కడికి వెళ్ళాలో చెబుతుంది. 2001 నుంచి ఒకినావాలోని అమెరికా మెరైన్ దళం కోసం తిరిగిన వెస్ట్‌ప్యాక్ ఎక్స్‌ప్రెస్ ఈ తరహాది, దాన్ని నడిపింది పౌర నావికులే. మూడో దారికి అద్దె అన్న పేరు అసలు నప్పదు. ప్రభుత్వం తన జెండా కింది ఓడను చట్టాధికారంతో స్వాధీనం చేసుకుని తరువాత పరిహారం చెల్లిస్తుంది. 1982 ఏప్రిల్ 4న బ్రిటన్ రాణి విండ్సర్‌లో జారీ చేసిన ఉత్తర్వు, దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్లాండ్స్ దీవుల కోసం అర్జెంటీనాతో జరిగిన యుద్ధానికి అలాంటి అధికారం ఇచ్చింది.

టైమ్ ఛార్టర్‌లో బయటివారు గమనించని ముడి ఒకటుంది. ఈ ఒప్పందాల్లో సాధారణంగా చేర్చే యుద్ధ ప్రమాద నిబంధన, ఉదాహరణకు అంతర్జాతీయ నౌకాయాన సంఘం బిమ్కో రూపొందించిన కాన్‌వార్‌టైమ్, ఓడకు లేదా సిబ్బందికి ప్రమాదం ఉందని కెప్టెన్ గానీ యజమాని గానీ సహేతుకంగా భావిస్తే ఆ ప్రాంతానికి వెళ్ళడానికి నిరాకరించే హక్కు ఇస్తుంది. సరుకు రవాణాలో ఇది న్యాయమైన రక్షణ. నావికాదళం అద్దెకు తీసుకున్న ఓడ విషయంలో మాత్రం, ఏ పని కోసం తీసుకున్నారో ఆ పనినే కాదనే హక్కు ఇది. అందుకే సైనిక ఒప్పందాల్లో ఈ నిబంధనను తిరగరాస్తారు. అలా రాసినప్పుడు యుద్ధ ప్రమాద బీమా అదనపు ప్రీమియాన్ని, లేదా ఓడ పోతే దాని విలువను ప్రభుత్వం భరిస్తానని హామీ ఇవ్వాలి. అద్దె చౌక అన్న వాదనను తూచేటప్పుడు ఈ హామీ విలువను కూడా లెక్కలో వేయాలి, కానీ అది ఏ బడ్జెట్ పద్దులోనూ ముందుగా కనిపించదు.

చట్టపరమైన హోదా ఒప్పందంతోనే తేలిపోదు. వాణిజ్య నౌకను యుద్ధనౌకగా మార్చడానికి 1907 నాటి ఏడవ హేగ్ ఒడంబడిక కొన్ని షరతులు పెట్టింది. నౌక నేరుగా రాజ్యం అధీనంలో ఉండాలి, యుద్ధనౌక చిహ్నాలు ధరించాలి, దాని అధిపతి ప్రభుత్వ నియామకం పొందిన అధికారి కావాలి, సిబ్బంది సైనిక క్రమశిక్షణకు లోబడాలి, మార్చిన సంగతిని యుద్ధనౌకల జాబితాలో ప్రకటించాలి. ఈ షరతులన్నీ తీరిన నౌకకే యుద్ధంలో దాడి చేసే హక్కు. అవి తీరకుండా ప్రభుత్వం తన పనికి వాడుకునే ఓడ సహాయక నౌక అవుతుంది. దానికి దాడి చేసే హక్కు లేదు, దాడి నుంచి రక్షణా లేదు. సముద్ర యుద్ధానికి వర్తించే నియమాలను 1994లో క్రోడీకరించిన శాన్ రెమో మాన్యువల్ ప్రకారం, పౌర ప్రయాణికులను మాత్రమే మోసే ఓడ మీద దాడి చేయకూడదు. సైనికులను మోసే శత్రు వాణిజ్య నౌక మాత్రం చట్టబద్ధమైన లక్ష్యం. అంటే ఫెర్రీ తన పాత రక్షణను కోల్పోయే క్షణం రంగు మార్చిన రోజున రానక్కరలేదు, మొదటి ప్లటూన్ ఎక్కిన నాడే వస్తుంది.

ఈ మాటలకు ఆచరణలో అర్థమేమిటో ఫాక్లాండ్స్‌లో తెలిసింది. ఇంగ్లండ్‌లోని హల్ నుంచి రోటర్‌డామ్‌కు రాత్రి ప్రయాణాలు చేసే నార్లండ్ ఫెర్రీని స్వాధీనం చేసుకుని, హెలికాప్టర్లు దిగే డెక్కులు అమర్చి, ప్యారాచూట్ రెజిమెంట్ రెండవ బెటాలియన్‌ను ఎక్కించి దక్షిణ అట్లాంటిక్‌కు పంపారు. రాత్రి ప్రయాణాల కోసం కట్టిన ఓడ వారాల తరబడి సముద్రంలో ఉండాలంటే మంచినీరు, ఆహార నిల్వలు, నడిసముద్రంలో ఇంధనం నింపుకునే ఏర్పాట్లు, సైనిక సంకేతాలతో పనిచేసే రేడియోలు అన్నీ కొత్తగా అమర్చాలి. యార్డులు ఆ పనులను రోజుల్లోనే పూర్తి చేశాయి. ఈ వేగాన్ని మెచ్చుకోకుండా ఉండలేం.

మే 21 తెల్లవారుజామున ఫాక్లాండ్స్ తీరంలోని శాన్ కార్లోస్ దగ్గర అసలు పరీక్ష ఎదురైంది. నార్లండ్‌కు జెట్టీ లేదు, తీరానికి ఒరుసుకునే వీలూ లేదు. బరువైన మూటలు వీపున వేసుకున్న సైనికులు చీకట్లో ఓడ పక్కనున్న తలుపు నుంచి, కింద అలలకు లేచి పడుతున్న ల్యాండింగ్ క్రాఫ్ట్ అనే, తీరానికి చేర్చే చిన్న పడవలోకి ఒక్కొక్కరుగా దిగవలసి వచ్చింది. అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పట్టింది. ల్యాండింగ్ నౌకలో ఈ పనికి లోపలే నీటి గుంట ఉంటుంది, క్రాఫ్ట్ అందులో తేలుతూ ఉండగానే సైనికులు ఎక్కుతారు. ఫెర్రీకి ఆ సౌకర్యం కల్పించడం ఏ యార్డు వల్లా అయ్యే పని కాదు.

పగలంతా అర్జెంటీనా విమానాల దాడి సాగడంతో, కాన్బెర్రా ప్రయాణికుల నౌకను, నార్లండ్‌ను ఆ రాత్రే అక్కడి నుంచి దూరంగా పంపేశారు. అంతకంటే పెద్ద నౌక క్వీన్ ఎలిజబెత్-2ను యుద్ధక్షేత్రానికి తీసుకురావడానికే సాహసించలేదు. అది మోసుకొచ్చిన దళాలను దక్షిణ జార్జియా దగ్గర వేరే ఓడల్లోకి మార్చారు. గూర్ఖాలు నార్లండ్ ఎక్కింది అక్కడే. మే 25న అట్లాంటిక్ కన్వేయర్‌కు పట్టిన గతి ఈ జాగ్రత్త ఎందుకో చెబుతుంది. యుద్ధనౌక ఆంబుస్కేడ్ మీదికి వచ్చిన ఎక్సోసెట్ క్షిపణులు, అది గాలిలోకి వెదజల్లిన లోహపు రేకుల వల్ల దారితప్పి, అలాంటి రక్షణ లేని ఈ సరుకు ఓడను తాకాయి. కెప్టెన్ ఇయన్ నార్త్‌తో సహా 12 మంది మరణించారు. మూడు చినూక్ హెలికాప్టర్లు కాలిపోయాయి, ఆ కారణంగా దళాలు దీవి మీద చాలా దూరం కాలినడకన వెళ్ళవలసి వచ్చింది. యుద్ధం ముగిశాక నార్లండ్ తనకు బాగా తెలిసిన పనికే తిరిగి వచ్చింది. అర్జెంటీనా ఖైదీలను ప్వెర్తో మాద్రిన్ రేవుకు చేర్చి, ఆ పైన దక్షిణ అట్లాంటిక్‌లో రవాణా పనులు చేసి, 1983లో హల్ మార్గానికి తిరిగి వచ్చింది.

ఓడను స్వాధీనం చేసుకోవచ్చు గానీ మనుషులను అలా తీసుకోవడం కుదరదు. ఫాక్లాండ్స్ ఓడల్లో పౌర నావికులు చాలావరకు తమంతట తామే ముందుకొచ్చారు. ప్రతిచోటా అలా జరుగుతుందని లెక్కవేసుకోకూడదు. జపాన్ రక్షణశాఖ నాచ్చన్ వరల్డ్ అనే 112 మీటర్ల ఇన్‌క్యాట్ కాటమరాన్‌ను, హకువో అనే మామూలు ఫెర్రీని ఒక ప్రైవేటు సంస్థ ద్వారా దీర్ఘకాలిక ఒప్పందంపై అందుబాటులో ఉంచుకుంది. అవి విన్యాసాల్లో దళాలను మోశాయి. 2024 జనవరిలో నోటో భూకంపం తరువాత హకువో బాధితులకు విశ్రాంతి స్థలంగానూ ఉపయోగపడింది. కానీ ఇలాంటి ఓడల నావికులను రిజర్వు సైనికులుగా చేర్చుకుందామన్న ఆలోచన బయటికి రాగానే, 2016లో జపాన్ నావికుల సంఘం గట్టిగా వ్యతిరేకించింది. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వం వాడుకున్న వాణిజ్య నౌకల్లో 60,000 మందికి పైగా జపాన్ నావికులు ప్రాణాలు కోల్పోయారన్నది ఆ సంఘం మరచిపోని సంగతి. టైమ్ ఛార్టర్‌లో ఓడ అద్దెకు దొరికినంత తేలికగా సిబ్బంది సమ్మతి దొరకదు.

అద్దె అనుభవం బాగుంటే అదే తరహా ఓడను సొంతం చేసుకోవాలన్న కోరిక పుట్టడం సహజం. జెర్విస్ బే పనితీరు చూసిన అమెరికా మొదట ఇన్‌క్యాట్ కాటమరాన్‌లను అద్దెకు తీసుకుని, తరువాత ఆస్టల్ సంస్థ అలబామా యార్డులో స్పియర్‌హెడ్ తరగతి నౌకలను కట్టించుకుంది. అవి కూడా రేవు నుంచి రేవుకు తిరిగే రవాణా నౌకలే. అమెరికా అద్దె పూర్తయ్యాక యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ వాడుకుంటున్న స్విఫ్ట్ అనే కాటమరాన్‌ను 2016 అక్టోబర్ 1న యెమెన్ తీరం దగ్గర అక్కడి సాయుధ తిరుగుబాటుదారులైన హౌతీల క్షిపణి తాకింది. ఓడ మునగలేదు గానీ ముందు భాగం మంటల్లో కాలిపోయింది. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అయినా, అంతకు చాలా ముందే బలం కోల్పోతుంది. న్యూజిలాండ్ అనుభవం మరీ విచిత్రం. 1990లలో కొన్న ఒక వాణిజ్య రో-రో ఓడను హెచ్‌ఎంఎన్‌జెడ్‌ఎస్ చార్లెస్ అపమ్ పేరుతో చేర్చుకుంటే, సైనిక సరుకు దాని సామర్థ్యంతో పోలిస్తే తేలిక కావడంతో సముద్రంలో విపరీతంగా ఊగిసలాడింది. చివరికి దాన్ని ఒక కంపెనీకి అద్దెకిస్తే మధ్యధరాలో నారింజ జాతి పండ్లు మోసింది. 2001లో అమ్మేశారు.

రేవు లేకపోతే ఫెర్రీ పనికిరాదన్న పరిమితిని ఇప్పుడు అన్నిటికంటే శ్రద్ధగా అధిగమించే ప్రయత్నం చేస్తున్నది చైనా. 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న జాతీయ రక్షణ రవాణా చట్టం పౌర నౌకలను సైనిక అవసరాలకు సిద్ధం చేసే వ్యవస్థకు పునాది వేసింది. బోహాయ్ సముద్రంలో తిరిగే పెద్ద రో-రో ఫెర్రీలు సైనిక విన్యాసాల్లో క్రమం తప్పకుండా పాల్గొంటున్నాయి. వాటిలో కొన్నింటికి వెనుక ర్యాంపును బలపరిచి, నీటిలోకి వంగేలా మార్చారు. ఉభయచర సాయుధ వాహనాలు రేవుతో పని లేకుండా నడిసముద్రంలోనే దాని మీదుగా దిగి ఈదుకుంటూ తీరానికి వెళ్ళాలన్నది ఆలోచన. 2020 విన్యాసాల్లో బాంగ్‌చుయ్‌దావ్ అనే ఫెర్రీతో దీన్ని పరీక్షించారు. 2025 మొదట్లో ఝాన్‌జియాంగ్ తీరంలో సముద్రగర్భంలోకి కాళ్ళు దించి నిలబడే బార్జ్‌లు కనిపించాయి. ఒకదాని చివర ఒకటి చేర్చితే అవి తీరం నుంచి లోతు నీటి దాకా తాత్కాలిక జెట్టీగా ఏర్పడతాయి. ర్యాంపు ఈదగల వాహనాలకే సరిపోతుంది. లారీలు, ఫిరంగులు, ఇంధన ట్యాంకర్లు దిగడానికి ఆ జెట్టీ కావాలి. జెట్టీ కదలకుండా నిలబడి ఉన్నంతసేపూ దాని చుట్టూ ఉన్న గాలీ, నీరూ వారి అదుపులో ఉండాలి. చట్టం వైపు నుంచి చూస్తే ఇంకో చిక్కు ఉంది. ఒకే కంపెనీకి చెందిన ఒకే రకం ఫెర్రీల్లో కొన్ని దళాలను, కొన్ని మామూలు ప్రయాణికులను మోస్తుంటే, వాటిని వేరుచేసి గుర్తించవలసిన బాధ్యత దాడి చేసేవాడి మీద ఉంటుంది. ఆ గుర్తింపులో పొరపాటు జరిగితే దాని ఫలితం పడేది సెలవులకు ఊరికి వెళుతూ ఆ ఫెర్రీ ఎక్కిన కుటుంబాల మీద.